కొట్టం మీది డాక్టరు

చింతకిలో నవనాథ్‌ను నవనాథ్ అనే వాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు కన్నతల్లి, రెండోది రేషన్ కార్డు. మిగతా ఊరంతటికీ అతను డాక్టర్ సాబే. పశువుల డాక్టరు చదువు ఇంకా రెండేళ్ళు మిగిలే ఉందని, పరీక్షల్లో ఒక సబ్జెక్టు ఇప్పటికే రెండుసార్లు వెనక్కి తన్నిందని ఊరికి తెలియదు. చెప్పడానికి నవనాథ్‌కు నోరు రాలేదు.

ఈ డాక్టరు పదవి ఒక ఫోటో వల్ల వచ్చింది. బీదర్ బయట ఎర్రమట్టి మీద పరుచుకున్న ఆ యూనివర్సిటీ ఎంత పెద్దదంటే, హాస్టల్లో తిన్న రొట్టె క్లాసుకు చేరేలోపే అరిగిపోతుంది. కిందటి చలికాలంలో అక్కడి పశువుల షెడ్డు దగ్గర ఒక ప్రాక్టికల్ జరిగింది. ఆవుకు నోటి ద్వారా మందు ఎలా తాగించాలో జగదేవి మేడం చేసి చూపిస్తోంది. ముప్పై మంది పిల్లలు చుట్టూ మూగారు. నవనాథ్ మాత్రం అందరికంటే వెనక నిలబడి, కొత్త తెల్లకోటు గుండీలు పెట్టుకుని, రూమ్మేటు ఏసురాజు స్టెతస్కోపు మెడలో వేసుకుని, ఫోన్ వాడి చేతికే ఇచ్చాడు.

"ఎనక ఆవు గూడ పడాలెరా. మేడం గూడ పడాలె" అన్నాడు.

"నువ్వు గూడ పడాల్నా, వద్దా?" అని ఏసురాజు నవ్వి, నొక్కాడు.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సాయంత్రం స్టేటస్‌లో పెడితే చింతకి మొత్తం చూసింది. ఉగాది దాటి ఊరి జాతర వచ్చేసరికి అదే ఫోటో బస్సులు ఆగే చోట ఫ్లెక్సీ అయింది. 'మా ఊరి తొలి పశువుల డాక్టరుకు శుభాకాంక్షలు' అని అరచేయంత అక్షరాలు. 'కాబోయే' అన్న మాట కూడా ఉందిగాని చీమలు చదవవలసిందే.

జాతర అయిపోయాక ఫ్లెక్సీలకు ఊళ్ళలో రెండో జన్మ ఉంటుంది. ఈ ఫ్లెక్సీని సంగయ్య అడిగి తీసుకుపోయాడు. సంగయ్య నవనాథ్‌కు మేనమామ వరస, వాళ్ళ ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. కారుతున్న పశువుల కొట్టం మీద దాన్ని కప్పి, బొమ్మ ఉన్న వైపును లోపలికి పెట్టి కట్టాడు. ఎందుకట్లా అని అడిగితే, "మా డాక్టరు మొకం వానకు తడుస్తదా ఏంది?" అన్నాడట. ఆ మాట ఫోన్లో విని నవనాథ్ మురిసిపోయాడు.

ఊరినుంచి ఫోన్లు అప్పట్నుంచే మొదలయ్యాయి. బర్రె పాలు తగ్గాయి, మేకకు పుండైంది, కోళ్ళు తూలుతున్నాయి. తెలిసినవి చెప్పాడు. తెలియనివి పుస్తకం చూసి చెప్పాడు. పుస్తకంలో దొరకనివి గొంతు కొంచెం బరువుగా పెట్టి చెప్పాడు. 'తెల్వదు' అన్న మూడక్షరాల మాట ఒక్కటే అతని నోట రాలేదు. అదృష్టమో, పశువుల ఓర్పో, అప్పటిదాకా ఏదీ చావలేదు.

సోయాచేలు నడుమెత్తు పెరిగిన రోజుల్లో ఒక పొద్దున్న, మెస్‌లో ఉప్మా తింటుండగా సంగయ్య ఫోన్ చేశాడు.

"డాక్టర్ సాబ్, మన చంద్రి గూటం పీక్కొని సోయా చేన్ల వడ్డది. తిన్నంత తిన్నది. ఎడమ దిక్కు పొట్ట డప్పు లెక్క ఉబ్బింది. ఏం జెయ్యాలె?"

చంద్రి సంగయ్య ఇంటి దేవణి జాతి ఆవు. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు. సంగయ్య భార్య అంబమ్మ దాన్ని దూడప్పట్నుంచి సాకింది. పిల్లలు లేని ఇల్లు కాబట్టి గారాబమంతా దానికే దక్కింది.

నవనాథ్‌కు ఇది తెలిసిన జబ్బే. పచ్చిది ఎక్కువ తింటే కడుపులో నురగ కడుతుంది, నూనె పోస్తే అణుగుతుంది.

"అర లీటరు కుసుమ నూనె తీస్కో మామా. వాము నూరి కలుపు. గొట్టంతోని పొయ్యి."

"సరే. ఎట్ల పట్టాలె? మేమైతె నాలుక బయటికి గుంజి, మూతి పైకెత్తి పోస్తం. మీ సదువుల ఎట్ల చెప్పిండ్రు?"

సంగయ్య అడగవలసిన ప్రశ్నే అడిగాడు. నూటికి తొంభై మంది అడగనిది అడిగాడు. నవనాథ్ ఉప్మా చెంచా చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. ఏదో చెప్పారు, ఆ రోజు షెడ్డు దగ్గర. ఏం చెప్పారు? ఫోటోలో కోటు ఎలా పడిందో గుర్తుంది గాని మేడం మాట ఒక్కటీ గుర్తు లేదు.

పక్కనున్న ఏసురాజు మెల్లగా, "మేడంకు ఫోన్ కొట్టి అడుగురాదు" అన్నాడు. నవనాథ్ చేత్తో ఆగమన్నాడు.

"అట్లనే మామా. నాలుక గట్టిగ గుంజుండ్రి. ఒక్క చుక్క కింద పడొద్దు."

మధ్యాహ్నానికి పొట్ట దిగిందని కబురొచ్చింది. అంబమ్మ ఫోన్ లాక్కుని, నీ కడుపు చల్లగుండ అని దీవించింది. ఏసురాజు చేతులెత్తి దండం పెట్టి, "వెయ్యి మందిని చంపితెగాని అర వైద్యుడు గాడంటరు. నువ్వు ఒక్కదాన్ని గూడ చంపకుంటనే అయితున్నవ్" అన్నాడు. ఆ పూట ఇద్దరూ కలిసి గేటు బయట మిర్చిబజ్జీలు తిన్నారు.

మూడోనాడు పొద్దున క్యాంపస్ ఆసుపత్రిలో నవనాథ్ బ్యాచ్‌కు డ్యూటీ పడింది. తొమ్మిది గంటలకు ఒక టెంపో వచ్చి ఆగింది. వెనక తలుపు దించగానే నల్లమచ్చల తెల్లటి ఆవు కనబడింది. మెడ ముందుకు చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ముక్కుల వెంట చీమిడి కారుతోంది. పక్కన టోపీ తీసి చంకలో పెట్టుకున్న సంగయ్య.



వాళ్ళ ముందు కమలనగర్ మనిషి ఒకడు బర్రెను పట్టుకుని నిలబడ్డాడు. ఎవడో చదువురాని వాడు పొడిచిన సూదికి బర్రె తొడ కుళ్ళింది. జగదేవి మేడం కోపంతో ఊగిపోతోంది. "ఎవరు ఇచ్చారు? పేరు చెప్పు. ఈ రోజే పైకి రాసి పంపిస్తాను, వాడి సంగతి చూస్తారు" అని కన్నడంలో గద్దించింది. సంగయ్యకు కన్నడం బాగానే అర్థమవుతుంది. ఆఫీసుల్లో మాత్రం నోరు పెగలదు. ఆ గద్దింపంతా విని, తల తిప్పి నవనాథ్ వైపు చూశాడు.

వాళ్ళ వంతు వచ్చింది. రైతు తెలుగు మాట్లాడుతున్నాడని మేడం నవనాథ్‌నే పిలిచి కేసు కాగితం చేతికిచ్చింది. పశువు వయసు, ఈతలు, మేత, జబ్బు ఎప్పుడు మొదలైంది, అన్నీ అడిగి రాయాలి. రాస్తున్నాడు.

"ఏనాదరూ కుడిసిదారా కేళు" అంది మేడం. ఏమైనా తాగించారేమో అడుగు అని.

నవనాథ్ సంగయ్య వైపు తిరిగాడు. తను చెప్పి పోయించిన నూనె గురించి తనే అడగాలి.

"మామా... ఏమన్న తాపిండ్రా?"

సంగయ్య రెప్ప కొట్టకుండా చూశాడు. తరువాత మేడం వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "ఏం తాపలే. ఎవ్వరిని అడగలే" అన్నాడు.

నవనాథ్ తల వంచి రాశాడు. అంతకు ముందు వైద్యం: ఏమీ లేదు. తన చేతిరాతే. పరీక్షల్లో కూడా అంత గుండ్రంగా ఎప్పుడూ రాయలేదు.

మేడం ఆవు పక్కటెముకల మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. అటు విన్నది, ఇటు విన్నది. "రెండు వైపులా అడుగున చెడింది. ఏదో ఊపిరితిత్తుల్లోకి పోయినట్టే ఉంది" అని తనలో తాను అనుకుని, "సరిగ్గా అడిగావా?" అంది.

"అడిగిన మేడం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే రెండోసారి కూడా అన్నాడు: "ఏం తాపలేదంట."

మేడం అంటుజ్వరమేమోనని దానికి సూదులు రాసింది. చంద్రిని ఆసుపత్రి వెనక షెడ్డులో కట్టేశారు. మధ్యాహ్నం నవనాథ్ మెస్ నుంచి రొట్టెలు, పప్పు డబ్బాలో పెట్టుకుని పోయాడు. సంగయ్య షెడ్డు అరుగు మీద కూర్చుని ఆవు వీపు నిమురుతున్నాడు.

"మామా, ఎందుకట్ల చెప్పినవ్?"

"ఆ మనిషిని ఎట్ల దులిపిందో సూసినవు గద. నీ పేరు నా నోట్లకెళ్ళి రాదు. ఫికర్ జెయ్యకు" అని సంగయ్య రొట్టె విరిచాడు. "ఉప్పు తక్కువున్నదిరా మీ హాస్టల్ పప్పుల."

ఆ మాటకు నవనాథ్‌కు ఏడుపు రావాలి. రాలేదు. గుండె మీదినుంచి బండ దించినట్టు హాయిగా అనిపించింది. తరువాత ఎన్ని తలుచుకున్నా, అన్నింటికంటే అతన్ని ఎక్కువ కోసింది ఆ హాయే. పక్కన ఆవు ఊపిరందక మూలుగుతుంటే, తన పేరు బయట పడలేదని సంతోషపడ్డాడు.

సాయంత్రం రూములో పుస్తకం తీశాడు. పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. మందు తాగించేటప్పుడు తల వీపు కంటే పైకి ఎత్తరాదు. నాలుకను బయటికి లాగి పట్టరాదు. పశువు మింగలేదు, మందు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నాలుగే వాక్యాలు. వాటికింద ఎవరో సీనియరు ఎర్ర గీత కూడా గీసి ఉంచాడు.

ఫోన్ తీసి ఆ ఫోటో చూశాడు. వేళ్ళతో పెద్దది చేశాడు. తన నవ్వు పక్కకు జరిగింది, స్టెతస్కోపు జరిగింది, వెనక మసకగా జగదేవి మేడం వచ్చింది. ఎడమచేయి ఆవు గదవ కింద పెట్టి, తలను వీపుకు సమంగా పట్టుకుంది. సీసా దవడ పక్కనుంచి పెట్టింది. ఆవు నాలుక నోట్లోనే ఉంది. ఏడెనిమిది నెలలుగా తన జేబులోనే ఉన్న పాఠం అది.

ఏసురాజు భుజం మీదినుంచి తొంగి చూశాడు. వాడిక నవ్వలేదు.

"పోయి చెప్పురా."

"పొద్దుగాల చెప్త."

"పొద్దుగాల అనేది నీకున్నది. ఆవుకున్నదా?"

మేడం క్వార్టరు క్యాంపస్‌లోనే, సైకిల్ మీద పది నిమిషాల దూరం. దీపాలు పెట్టే వేళకు నవనాథ్ ఆ గేటు దాకా పోయాడు. వరండాలో మేడం మొక్కలకు నీళ్ళు పోస్తోంది. ఒక్క పిలుపు పిలిస్తే వినబడే దూరం. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని అక్కడే కాసేపు నిలబడి, సైకిల్ వెనక్కి తిప్పాడు. ఇంట్లోకి పోయి చెబితే బాగుండదు, రేపు ఆసుపత్రిలో చెబుతాను అని తనకు తానే ఒక మర్యాద కల్పించుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో కూడా చెప్పలేదు. పిల్లలున్నారని ఆగాడు. పిల్లలు పోయాక కాంపౌండరు ఉన్నాడని ఆగాడు. పదకొండు గంటలకు చంద్రి ముందుకాళ్ళ మీద కూలబడింది. అప్పుడు పరుగెత్తుకుంటూ పోయి, గది నిండా జనం ఉండగా, "నూనె నేనే పోయమన్న మేడం. నాలుక గుంజమన్న. అడిగితె అబద్ధం రాసిన" అన్నాడు. కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. ఏ భాషలో చెప్పాడో అతనికే తెలియలేదు.

మేడం అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. కేసు కాగితం తెప్పించి, అతను రాసిన లైను మీద అడ్డంగా గీత గీసి, పెన్ను అతనికే ఇచ్చింది. నవనాథ్ నిజం రాశాడు. కింద సంతకం పెట్టమంది. పెట్టాడు. మందులు మార్చింది, ఆక్సిజన్ పెట్టించింది, తనే మోకాళ్ళ మీద కూర్చుని సెలైను ఎక్కించింది.

"నిన్ననే చెప్తే బతికేదా మేడం?"

ఆమె చేతులు కడుక్కుంటూ, "గొత్తిల్ల" అంది. తెలియదు అని. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి ఆ మాటను చేతులు తుడుచుకున్నంత సులువుగా అనేసింది.

సాయంత్రం నాలుగింటికి చంద్రి పోయింది.

కోసి చూడాలి. అది అక్కడి పద్ధతి. బ్యాచ్ మొత్తాన్నీ నిలబెట్టి కోశారు. ఊపిరితిత్తి తెరవగానే గదిలో వాము వాసన గుప్పుమన్నది. ఏసురాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేడం నవనాథ్‌ను నెలరోజులు ఆసుపత్రి డ్యూటీ నుంచి తీసేసింది. "యజమానికి కారణం చెప్పడం కూడా వైద్యమే. అది నువ్వే చెయ్యి" అంది.

బయట అరుగు మీద సంగయ్య చంద్రి మెడతాడు చుట్టి పెట్టుకున్నాడు. అంతా విన్నాక కోపం వచ్చింది గాని, ఆవు చచ్చినందుకు కాదు.

"ఎవడు చెప్పమన్నడురా నిన్ను? ఆవు పోతె ఇంకో ఆవొస్తది. నువ్వు ఖరాబైతె చింతకికి మళ్ళ డాక్టరు ఎప్పుడొస్తడు? నేను ఒక్క మాటతోని కాపాడిన. ఒక్క మాటతోని చెడగొట్టుకున్నవ్."

నవనాథ్‌కు కాళ్ళు పట్టుకోవాలనిపించింది. సంగయ్య పట్టుకోనివ్వలేదు. తాడు భుజాన వేసుకుని, ఖాళీ టెంపో ఎక్కి పోయాడు.

ఆదివారం నవనాథ్ చింతకి పోయాడు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా సంగయ్య వాకిట్లోకి నడిచాడు. సంగయ్య కొట్టం ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. అంబమ్మ చంద్రి దూడకు గడ్డి వేస్తూ, అతన్ని చూడగానే ఏడుపందుకుంది.

"చూస్తివా డాక్టరయ్యా, చంద్రి ఎట్ల పోయిందో! నువ్వు పొట్ట దించితివి, బతికిస్తివి. ఈ మనిషే నా కొంప ముంచిండు. దగ్గు మొదలైంది బీదర్ తోల్కపోదాం అంటె, సోయాకు మందు కొట్టాలె, రేపు పోదాం అన్నడు. ఆల్శెం జేసిండు. నా చంద్రిని మింగిండు."

సంగయ్య తల ఎత్తలేదు. చేతిలో తాడు మాత్రం ఆగింది. ఓరగా నవనాథ్ వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. వద్దు అని.

అప్పుడు అర్థమైంది నవనాథ్‌కు. ఆసుపత్రిలో చెప్పిన అబద్ధం అక్కడితో అయిపోలేదు. సంగయ్య దాన్ని ఇంటికి మోసుకొచ్చి, తన నెత్తినే పెట్టుకుని, నాలుగు రోజులుగా పెళ్ళాం చేత తిట్లు తింటున్నాడు. ఇంకా నలభై ఏళ్ళు తినడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు.

నవనాథ్ కొట్టంలోకి వంగి నడిచాడు. పైన ఫ్లెక్సీ. తలెత్తితే తన మొహమే, చాటంత. పళ్ళన్నీ బయటపెట్టి, మెడలో అరువు స్టెతస్కోపుతో, కింద ఖాళీ గూటం వైపు చూసి నవ్వుతోంది. చంద్రి ఈ నవ్వు కిందే ఉబ్బింది, ఈ నవ్వు కిందే నూనె తాగింది.

"అత్తా, మామ ఆల్శెం జెయ్యలే. ఇటు రా. పైకి సూడు."

అంబమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"నన్ను గాదు. నా ఎనక సూడు. ఆ మేడం చెయ్యి సూడు. తల పైకెత్తలే. నాలుక గుంజలే. మందు అట్ల తాపాలె. ఆ దినం ఆమె సూపిస్తుంటె నేను ఇటు తిరిగి ఫోటో దిగిన. మామ అడిగితె తెల్వకున్నా తెలిసినట్టు చెప్పిన. నూనె ఊపిరిలకు పోయింది. చంద్రిని మామ చంపలే. నేను చంపిన. ఆసుపత్రిల గూడ ఒక దినమంత నోరు మూసుకున్న."

సంగయ్య బయటినుంచి, "వాని మాట పట్టించుకోకే, పిలగాడు బుగులుతోని..." అని ఏదో అనబోయి, మాట సగంలో వదిలేశాడు.

అంబమ్మ చాలాసేపు ఆ ఫ్లెక్సీలో మసకచేతిని చూసింది. తరువాత తన కుడిచేయి చూసుకుంది. తిడుతుందేమో అని నవనాథ్ తల వంచాడు. తిడితే బాగుండును.

"నాలుక వట్టింది నేను బిడ్డా" అంది. "జారుతుంటె కొంగు చుట్టి వట్టిన. అది గుడ్లు పెద్దవి జేసి నన్నే సూసింది. డాక్టరు చెప్పిండు, జర ఓర్సుకో తల్లీ అని దాని చెవుల చెప్పిన. నువ్వు చెప్పినవని ఇంకా గట్టిగ గుంజిన."

క్షమించమని అడగడానికి కూడా ఏదో అర్హత ఉండాలని నవనాథ్‌కు అనిపించింది. అతని కళ్ళ నీళ్ళు కోటు లేని చొక్కా మీద పడ్డాయి.

అంబమ్మ మొగుడి దగ్గరికి పోయి, ఏమీ అనకుండా, అతని భుజం మీది గడ్డిపరక తీసేసింది. మళ్ళీ కొట్టంలోకి వచ్చి దూడ పలుపు విప్పింది. తల్లిలాగే తెల్లటిది, చెవుల దగ్గర నల్లమచ్చలు. దాన్ని తెచ్చి నవనాథ్ ముందు నిలబెట్టింది.

"ఎట్ల పట్టాలెనో సూపియ్యి. రేపు దీనికి ఏమన్నయితె నాకు తెల్వాలె."

"నేనొద్దు అత్తా. ఇంకెవరన్న..."

"నువ్వే సూపియ్యి."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేయి దూడ గదవ కింద పెట్టాడు. ఒకసారి తలెత్తి ఫ్లెక్సీలో మేడం చెయ్యి చూసుకున్నాడు. దూడ తలను వీపుకు సమంగా తెచ్చాడు. ఐదురోజులుగా తల్లి కోసం వెతుక్కుంటున్న ఆ దూడ అతని మణికట్టు వాసన చూసి, గరుకు నాలుకతో నాకడం మొదలుపెట్టింది. నవనాథ్ చెయ్యి తీయలేకపోయాడు. అంబమ్మ పక్కన కూర్చుని, అతని చేతి కింద తన చెయ్యి పెట్టి, "ఇట్లనేనా?" అని అడిగింది.